పాలు వెనక్కి పంపిన చెయ్యి

ఎర్ర జెండా ఎగురుతున్నంతసేపూ ఆ పాత రాతి క్వారీలోకి ఎవరూ నడిచి రాకూడదు. ఆ సంగతి మా ఊరి మేకలకి కూడా తెలుసు. నాకు తెలియదు. సైకిలుకి పాలక్యాను కట్టుకుని, దగ్గరదారి కదా అని పక్క మట్టికట్ట మీదనుంచి దిగాను.

"ఆపండి" అని ఒక ఆడగొంతు వినిపించింది.

కేక కాదు. కేక అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు, మా వైపు అందరూ దూరంనుంచి కేకలేసుకునే మాట్లాడుకుంటారు. ఇది మామూలు గొంతు. కాకపోతే ఆ ఒక్క మాటకి టపటపమంటున్న పిస్టళ్ళన్నీ ఆగిపోయాయి. వరసలో నిలబడ్డవాళ్ళందరూ తుపాకులు ఖాళీ చేసి, చూపించి, ఒరల్లో పెట్టేదాకా ఆ పిల్ల కదల్లేదు. తర్వాత నా దగ్గరకి నడిచి వచ్చింది. నారింజరంగు టోపీ. మెడలో ఈల.

"అబుటి, ఆ జెండా ఏం రంగు?"

అబుటి అంటే మా భాషలో అన్న. తెలియని కుర్రాణ్ణి మర్యాదగా అలాగే పిలుస్తారు. కానీ ఆమె గొంతులో మర్యాద అంతగా కనిపించలేదు.

"ఎరుపు" అన్నాను.

"మరి ఎందుకు వచ్చావు?"

క్యాను చూపించాను. "పాలు."

వెనకాల ఎవరో నవ్వారు.

"పాలు గుండుని ఆపుతాయా?"

"ఆపవు."

"నువ్వు?"

కాస్త ఆలోచించాను. "నేనూ ఆపను."

ఆమెకి నవ్వు వచ్చింది. పెదవి చివరిదాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. నాకు పశువుల మధ్య పెరిగిన కళ్ళు. ఏ దూడ ఎటు దూకబోతోందో ముందే కనిపిస్తుంది. ఆగిపోయిన ఆ నవ్వుని అందుకే చూడగలిగాను. దాన్ని పూర్తిగా ఎప్పుడు చూస్తానో అనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఆమె పేరు మమెల్లో. వాళ్ళ నాన్న న్తాతె మొహాపి పోలీసుశాఖలో ఆయుధాలు వాడటం నేర్పి రిటైరయ్యారు. పెద్దవాళ్ళని మేం న్తాతె అంటాం, నాన్నగారు అన్నట్టు. మా ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో మొక్కజొన్న చేలకీ మలుటి కొండలకీ మధ్య ఆ క్వారీని అద్దెకి తీసుకుని పిస్టల్ పోటీల క్లబ్బు నడుపుతున్నారు. శనివారం శనివారం రైతులు, టీచర్లు, చెర్రీ తోటల్లో పనిచేసేవాళ్ళు అక్కడ కలుస్తారు. మధ్యలో టీ. ఆ టీకి పాలు మా ఇంటినుంచే.

నా తప్పుకి శిక్ష ఏమిటంటే, వచ్చే శనివారం వాళ్ళ నాన్న చెప్పే భద్రత పాఠంలో కూర్చోవాలి. ఆ తర్వాతే నా పాలకి లోపలికి ప్రవేశం. కూర్చున్నాను. తక్కువ మాట్లాడేవాడికి ఆ ఆటలో ఒక లాభం ఉంది. చెప్పిన మాట వినపడుతుంది. పాఠం అయ్యాక న్తాతె మొహాపి టీ గుటక వేసి, ఇవి ఏ ఆవు పాలని అడిగారు. మా ఎర్రావువి అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఇంకో గుటక వేశారు. తర్వాత నా చెయ్యి తిప్పి చూశారు.

"ఈ చెయ్యి ఎక్కడిదిరా నీకు?" అన్నారు. "మమెల్లో, ఇటు రా. క్లబ్బు పిస్టల్ ఒకటి ఇవ్వు ఇతనికి. ఖాళీది."

అలా మొదలైంది.

* * *

నా పట్టు గట్టిది. అందరూ మెచ్చుకున్నారు. గోధుమ రైతు కొడుకు ద్రీస్ అయితే నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, రోజంతా వేళ్ళు విదుల్చుకుంటూ తిరిగాడు. మా క్లబ్బులో వాగేది వాడొక్కడే, మిగతావాళ్ళం వింటాం. కానీ గుండ్లకి నా పట్టు నచ్చలేదు. అట్టబొమ్మ గుండెకి గురిపెడితే ఎడమవైపు కింద, నడుము దగ్గర చిల్లు పడేది. ఒకసారి అయితే పొరపాటనుకోవచ్చు. ప్రతిసారీ అక్కడే.

మమెల్లో నన్ను విడిగా తీసుకుంది. ఖాళీ పిస్టల్ నా చేతికిచ్చి, గొట్టం కొసన ఒక వాడేసిన గుండు తొడుగు నిలబెట్టింది. ట్రిగ్గర్ నొక్కు, తొడుగు పడకూడదు అంది. నొక్కాను. పడింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ పడింది. తొడుగు ఏరుకోవడానికి ఆమె ఎన్నిసార్లు వంగిందో గుర్తులేదు గానీ, వంగిన ప్రతిసారీ చెవి వెనకనుంచి ఒక జడపాయ జారేదని గుర్తుంది.

"చూపుడు వేలు ఒక్కటే కదలాలి. మిగతా చెయ్యి గోడ. గోడ ఎక్కడైనా కదులుతుందా?"

కదలదని ఒప్పుకున్నాను. అప్పుడు ఆమె, ఏ వేలు అల్లరి చేస్తోందో తెలుసుకోవడానికి, తన వేళ్ళు నా కణుపుల మీద ఆనించింది. తొడుగు నేను ట్రిగ్గర్ ముట్టుకోకముందే పడిపోయింది.

"ఇప్పుడెందుకు వణుకుతోంది?"

"చలి."

మాకు జనవరి అంటే మండువేసవి. క్వారీ రాళ్ళ మీద రొట్టె కాల్చుకోవచ్చు. ఆమె వేళ్ళు మాత్రం వెంటనే తియ్యలేదు.

రోగమేమిటో న్తాతె మొహాపి కనిపెట్టారు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతిని మాత్రమే చాలాసేపు చూశారు.

"నీ చెయ్యి పాలు పితుకుతోంది" అన్నారు.

చూపుడు వేలు ట్రిగ్గర్ మీద మూసుకుంటున్నప్పుడు మిగతా మూడు వేళ్ళూ దాని వెంటే వరసగా మూసుకుంటున్నాయి. చివర చిటికెన వేలు బిగిసేసరికి గొట్టం మొన కిందికి వంగుతోంది. కొత్తవాళ్ళలో చాలామందికి ఈ జబ్బు ఉంటుందట, కొన్నాళ్ళకి పోతుందట. నాకు మాత్రం ఎముకల్లో ఉందన్నారు. పొట్టి నిక్కరు నాటినుంచి పొద్దునా సాయంత్రం నేను చేస్తున్న పని అదే మరి. మొదటి రెండు వేళ్ళు మూసుకోగానే మిగతావి వాటంతట అవే మూసుకోకపోతే, మా దొడ్లో ఆ పూట పాలుండవు.

"ఎంపిక పోటీ దాకా పితకడం మానెయ్యి" అన్నారు ఆయన.

ఆ ఎంపిక పోటీ గురించి చెప్పాలి. సెప్టెంబరులో మా క్లబ్బునుంచి ఇద్దరిని ప్రిటోరియా పోటీలకి పంపుతారు. మమెల్లో చోటు ముందే ఖాయం. రెండో చోటు ఎవరిదో తేలాలి. వెళ్ళేది న్తాతె మొహాపి పాత తెల్ల వ్యానులో. ముందు సీట్లో ఆయన, పక్కన తుపాకుల పెట్టె. వెనక బల్ల మీద ఇద్దరు, పక్కపక్కన, పొద్దుటినుంచి సాయంత్రం దాకా.

మా తాత ఒక మాట అనడానికి ఒక పైపు పొగాకు కాలుస్తాడు. నేను ఆయన మనవణ్ణి. మమెల్లోకి నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దాన్ని ఎలా మొదలుపెట్టినా నోట్లోనే ఆరిపోతోంది. కానీ ప్రిటోరియా దాకా ఆమె పక్కన కూర్చుంటే, ఎక్కడో ఒకచోట, ఏ పెట్రోలు బంకు దాటాకో, అది బయటికి వస్తుందని నాకు నమ్మకం. నాకు పతకం అక్కర్లేదు. ఆ సీటు కావాలి.

అయినా పితకడం మానడం నా చేతుల్లో లేదు. అమ్మకి వేళ్ళ కణుపులు వాచిపోయాయి. తాతకి చూపు ఆనదు. అదే న్తాతె మొహాపితో చెప్పబోయి, నాకు అలవాటైనట్టు పొట్టిగా చెప్పాను.

"కుదరదు న్తాతె. పలేసా ఒప్పుకోదు. నేను తప్ప ఇంకో చెయ్యి పడనివ్వదు."

మమెల్లో పక్కనే తొడుగులు ఏరుతోంది. ఏరడం ఆపింది. మళ్ళీ ఏరింది.

* * *

ఆ వారంనుంచి 'అబుటి' పోయింది. తర్వాత 'తెఫో' అన్న నా పేరు కూడా పోయింది. "నువ్వు, కాళ్ళు దూరంగా." "నువ్వు, భుజం దించు." అంతే. నా కణుపుల మీద వేళ్ళు పెట్టాల్సి వస్తే పెన్సిలు పెట్టేది. నా తప్పేమిటో నాకు తెలియలేదు. ఆవు అలిగితే మేత మార్చి చూస్తాం. మనిషికి ఏం మార్చాలి?

ద్రీస్ మాటల మధ్యలో ఒకసారి, పలేసా ఎవరని మమెల్లో తనని అడిగిందని చెప్పాడు. నువ్వేం చెప్పావు అన్నాను. ఉన్నదే చెప్పాను అన్నాడు వాడు, ఎర్రగా, బొద్దుగా, పెద్ద కళ్ళేసుకుని బావుంటుందని, తెఫో రోజూ పొద్దునా సాయంత్రం దాని దగ్గరకి వెళ్ళందే ఉండలేడని. వాడు పుట్టింది పొలంలో. మా దొడ్లో ఏది ఏమిటో వాడికి బాగా తెలుసు. ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. ఆ ముక్క చెప్పలేదన్న సంగతి నాకు తట్టనూ లేదు.

ఒక సాయంత్రం తెల్ల వ్యాను మా ఇంటిముందు ఆగింది. మమెల్లో ఒక్కతే దిగింది. ఇస్త్రీ గౌను, చెవులకి పోగులు. అమ్మ నూనెలో మాగ్విన్యాలు, మా పిండి బోండాలు, వేయిస్తోంది. వేడివేడిగా ఒకటి చేతిలో పెట్టి కూర్చోమంది. మమెల్లో కూర్చోలేదు. వంటింట్లోకి, గుడిసె వెనక్కి, బట్టలారేసిన తీగ వైపు చూసింది.

"నీ చెయ్యి పని చేస్తుంటే చూడాలి" అంది నాతో. "చూడకుండా దాన్ని మార్చలేను." తర్వాత, మాగ్విన్యా కొరుకుతూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అంది. "పలేసా లేదా ఇంట్లో?"

"ఉంది."

"పిలువు. చూస్తాను."

నేను గేటు గుంజ వైపు చెయ్యి చూపించాను. ఎర్రావు నెమరు ఆపి ఆమె వంక చూసింది. ఆమె ఆవు వంక చూసింది. చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు మమెల్లో బోర్లించిన బకెట్ మీద కూలబడి నవ్వింది. క్వారీలో పెదవి చివర ఆగిపోయిన నవ్వు అది. ఇన్నాళ్ళకి పూర్తిగా వచ్చింది. మాగ్విన్యా పట్టుకున్న చెయ్యి కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియక, ఆవుకి ఏమైనా అంటిందేమో అని నేను వెళ్ళి తుడిచాను. దానికి ఆమె ఇంకా నవ్వింది.

* * *

మా దొడ్లోకి ఆడవాళ్ళు రారు. మా తాతల నాటినుంచి అంతే. మమెల్లో గేటు దాకా వచ్చేసరికి, దుప్పటి కప్పుకుని రాయి మీద కూర్చున్న తాత పైపు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. నేను పలేసానే బయటికి తోలుకొచ్చాను.

"బయట చేపదది" అన్నాడు తాత.

నిజమే, చాలాసేపు పాలు చేపలేదు. దూడని వదిలితే అది నాలుగుసార్లు పొదుగు పొడిచి, అమ్మని బతిమాలి, చివరికి ఒప్పించింది. దూడని లాగి కట్టేసి నేను కూర్చున్నాను. బకెట్ అడుగున మొదటి ధార మోగింది. మమెల్లో నా పక్కనే గొంతుక్కూర్చుని, ముక్కు నా మణికట్టుకి తగిలేంత దగ్గరగా పెట్టి చూసింది. నెమ్మదిగా చెయ్యమంది. ఇంకా నెమ్మదిగా అంది. ధార తడబడింది. ఆవు తప్పు కాదు అది.

తర్వాత తను చేస్తానంది. చన్ను పట్టుకుంది, నొక్కింది. చుక్క రాలేదు. చూస్తే, మూడు వేళ్ళతో నొక్కుతోంది. చూపుడు వేలు మాత్రం నిటారుగా, ఎవరినో చూపిస్తున్నట్టు పక్కకి చాపి ఉంది.

"ఆ వేలు కూడా కావాలి" అన్నాను.

"దాన్ని పక్కన పెట్టడం నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది."

పలేసా తోకతో ఆమె మొహం మీద ఒకటి ఇచ్చింది. ఆమె మొహం తుడుచుకుని, మళ్ళీ పట్టుకుంది. నేను చెప్పాను, ముందు బొటనవేలూ చూపుడు వేలూ కలిపి పైన మూసెయ్యాలని, ఆ తర్వాత మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు, పైనుంచి కిందికి. ఆమె వేళ్ళకి అది ఎక్కలేదు. చిటికెన వేలే ముందు బిగిసేది. ఏళ్ళ తరబడి పిస్టల్ పిడి పట్టిన చెయ్యి.

ఉన్నట్టుండి ఆగింది.

"తెఫో. పాలు నా చేతిలోంచి పైకి పోతున్నాయి. తెలుస్తోంది నాకు."

"పోతాయి. కిందనుంచి మూస్తున్నావుగా. పొదుగులోకి వెనక్కి పోతాయి."

"కిందనుంచి మూస్తే వెనక్కి పోతాయి" అంది, నాతో కాదు.

లేచింది. నా చెయ్యి పట్టుకుని లాగింది. పాలక్యాను పిడి నా అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలూ తనే మడిచింది. "చిటికెన వేలు ముందు. గట్టిగా. తర్వాత ఉంగరం వేలు. తర్వాత మధ్య వేలు. ఇంకా బిగించగలవా?"

"లేదు."

"ఇంక వాటికి మూసుకోవడానికేం మిగల్లేదు కదా. ఇప్పుడు చూపుడు వేలు. అదొక్కటే. వెనక్కి, తిన్నగా."

వేలు కదిలింది. మిగతా చెయ్యి గోడలా ఉండిపోయింది. నా చేతిని నేనే కొత్తగా చూశాను.

"ట్రిగ్గర్ ముట్టుకునేముందు ప్రతిసారీ ఇదే" అంది మమెల్లో. "పాలు వెనక్కి పంపు. పంపేశాక కాల్చు."

తాత పైపు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

* * *

చెయ్యి ఒక్కరోజులో మారలేదు. చలికాలమంతా, చేల మీద మంచు తెల్లగా పేరుకున్న రోజుల్లో కూడా, క్వారీ రేకుల షెడ్డులో న్తాతె మొహాపి కళ్ళముందు ఖాళీ పిస్టల్‌తో నిలబడేవాణ్ణి. కిందనుంచి పైకి మూయడం, ఆపైన ఎడమచెయ్యి చుట్టి అసలు బలమంతా దాంతో పట్టడం, అప్పుడు వేలు. తొందరపడి వేలు లాగకూడదు, నిద్రపోతున్న దూడ మీదనుంచి గోనె తీసినట్టు తియ్యాలి. ఈ పోలిక నాదే. మమెల్లో దాన్ని కొత్తగా చేరినవాళ్ళకి తనదైనట్టు చెప్పుకునేది. నాకు సంతోషంగానే ఉండేది.

తొడుగు గొట్టం మీద నిలబడటం మొదలుపెట్టింది. అట్టబొమ్మ మీద చిల్లులు నడుమునుంచి పైకి, ఎడమనుంచి మధ్యకి, పొద్దుగూకినప్పుడు పశువులు ఇంటికి వచ్చినట్టు ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

చిక్కేమిటంటే, పొద్దున దొడ్లో కూడా నా చెయ్యి పాలు వెనక్కి పంపడం మొదలుపెట్టింది. పలేసా తిరిగి నా వంక చూసేది. బకెట్ సగమే నిండేది. అమ్మ ఆ బకెట్ చూసి, ఎండిపోతోంది ఆవా, నువ్వా అని అడిగింది. అడిగి, వ్యాను వచ్చే దారి వైపు చూసింది. నేను బకెట్ వైపు చూశాను. కొన్నాళ్ళకి చేతికి ఏది ఎక్కడో తెలిసింది. పిడి పడితే ఒకరకం, పొదుగు పడితే ఒకరకం.

ఎంపిక పోటీ రోజున పొద్దున్నే కొండల మీద మబ్బు దిగింది. మమెల్లోకి ఆ రోజు పోటీ లేదు. ఆదేశాలివ్వడం, చిల్లులు చూసి మార్కులు పిలవడం ఆమె పని. మధ్య గడిలో పడితే ఆల్ఫా, దాని పక్క గడిలో పడితే చార్లీ, మార్కులు తక్కువ. చివరి వరస దాకా వచ్చేసరికి ద్రీసూ నేనూ పక్కపక్కన నడిచే రెండు ఎడ్లలా ఉన్నాం. వాడు ముందు కాల్చాడు. బాగా కాల్చాడు. నేను ఆఖరు.

అప్పుడు వాన మొదలైంది. చలికాలం పోయాక మొదటి వాన. ముందు రేకుల మీద నాలుగు చినుకులు గిల్లినట్టు పడి, ఎవరూ వద్దనకపోయేసరికి ధైర్యం తెచ్చుకుని మొత్తం దిగింది. మమెల్లో ఒట్టి చొక్కాతో నిలబడి ఉంది. నేను కప్పుకున్న బూడిదరంగు దుప్పటి తీసి చాపాను. ఆమె నా వంకా, నియమాల పుస్తకం ఉన్న సంచీ వంకా చూసింది.

"దుప్పటి తీసుకోకూడదని అందులో లేదులే" అని కప్పుకుని, గుండెల దగ్గర పిన్ను పెట్టుకుంది. తర్వాత గొంతు మార్చింది. "సిద్ధమా?"

తల ఊపాను. ఆమె చేతిలో గడియారం కూత పెట్టింది.

పాలు వెనక్కి పంపాను, కాల్చాను. ఒక బొమ్మనుంచి ఇంకో బొమ్మకి. అన్నీ ఇంటికి చేరుతున్నాయి. ఆఖరి బొమ్మ, ఆఖరి గుండు. పిడి వానకి జారింది. ఒక్క క్షణం చేతికి అది పిడిలా లేదు, పొద్దున్నే తడిసిన పొదుగులా ఉంది. వేళ్ళు పైనుంచి కిందికి మూసుకున్నాయి. పిస్టల్ పేలకముందే నాకు తెలిసిపోయింది.

బొమ్మ దగ్గరకి నడిచాం. చిల్లు సరిగ్గా గీత పక్కన పడింది. గీతకి తగిలిందంటే ఆల్ఫా. తగల్లేదంటే చార్లీ. మమెల్లో గాజులాంటి కొలత బిళ్ళ తీసి చిల్లు మీద పెట్టి వంగింది. దుప్పటి అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. నా దుప్పటి కప్పుకుని, నా చిల్లు మీదికి వంగి, ఆమె ఎంతసేపు చూసిందో చెప్పలేను.

ద్రీస్ కూడా తొంగి చూశాడు. తగిలినట్టే ఉంది, వాడికి ఇచ్చెయ్యి, ప్రిటోరియాలో నాకేం పెద్ద పనుందని అన్నాడు. మనసులోంచే అన్నాడు. న్తాతె మొహాపి షెడ్డు కింద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు.

మమెల్లో తలెత్తి నా వంక చూసింది. నా మొహం ఏమైనా అడుగుతుందేమోనని భయమేసి, నేను కొండల వైపు తిరిగాను.

"చార్లీ" అంది.

మొదటిరోజు 'ఆపండి' అన్న గొంతే.

"నీకు నచ్చకపోతే ఇంకొకరిని పిలిచి చూపించమని అడగొచ్చు. అది నీ హక్కు" అంది తర్వాత, నియమం చదువుతున్నట్టు. చివరి మాట దగ్గర కొంచెం తడబడింది.

"అక్కర్లేదు. గుండు బయల్దేరినప్పుడే తెలుసు నాకు."

సీటు ద్రీస్‌ది అయింది. వాడి వీపు తట్టాను. ఖాళీ క్యాను సైకిలుకి కట్టుకుని వానలో ఇంటికి వెళ్ళాను. దుప్పటి సంగతి ఊరు చేరాక గుర్తొచ్చింది.

* * *

వాళ్ళు ప్రిటోరియాకి బయల్దేరే రోజు పొద్దున కూడా సన్నగా జల్లు పడుతోంది. నేను దొడ్లో పలేసా కడుపుకి నుదురు ఆనించుకుని పితుకుతున్నాను. రోడ్డు మీద వ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. తల తిప్పలేదు. తిప్పితే ఆ వెనక బల్ల కనిపిస్తుంది.

అడుగుల చప్పుడు గేటు గుంజ దగ్గర ఆగింది.

"దుప్పటి ఇవ్వడానికి వచ్చాను" అంది మమెల్లో.

"ఊఁ."

"కోపమా?"

"లేదు."

"మరి ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయావు."

"నేనెప్పుడు మాట్లాడాను?"

ఆమె నవ్వలేదు. జల్లు ఆమె టోపీ మీద టపటపమంటోంది. "నీకు ఆ సీటు కావలసింది పోటీ కోసం కాదట. నాన్న అంటున్నారు. మరి దేనికో నిన్నే అడిగి తెలుసుకోమన్నారు."

ధార ఆగింది. నోరు తెరిచాను. ఎప్పట్లాగే మాట నోట్లోనే ఆరిపోయింది.

రాయి మీదనుంచి తాత గొంతు వినిపించింది. "ఒరే తెఫో. ఆ పిల్ల బయట తడుస్తోంది. లోపలికి రమ్మను."

నేను తల తిప్పి చూశాను. తాత లేచి, తన చేత్తోనే గేటు అడ్డకర్ర లాగుతున్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా దొడ్లోకి అమ్మ కూడా ఎప్పుడూ రాలేదు.

మమెల్లో ఒకసారి తాత వంక చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పలేసాకి అటువైపు గొంతుక్కూర్చుంది. ఆవు వీపు మాకు అడ్డం. నాకు ఆమె పాదాలు, బకెట్ మీదికి చాచిన రెండు చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె చన్ను పట్టుకుంది. బొటనవేలూ చూపుడు వేలూ పైన, తర్వాత మధ్య వేలు, తర్వాత ఉంగరం వేలు. సన్నగా, వంకరగా, ఒక ధార బకెట్‌లో పడింది.

మొహం కనపడకపోతే మాట సులువని నాకు అప్పుడు తెలిసింది. ప్రిటోరియా అంత దూరం అక్కర్లేదు. ఒక ఆవు అడ్డం ఉంటే చాలు.

"నువ్వు ఆ రోజు ఆల్ఫా అని ఉంటే, ఈ రోజు ఆ వ్యానులో నీ పక్కన కూర్చునేవాణ్ణి" అన్నాను. "చార్లీ అన్నావు. అందుకని నాకు బతికినంత కాలం నీ పక్కన కూర్చోవాలని ఉంది."

నా జన్మలో అంత పొడుగు మాట మాట్లాడలేదు. పలేసా కూడా నెమరు ఆపింది.

అటువైపు చేతులు ఆగిపోయాయి. తర్వాత మళ్ళీ కదిలాయి, ఒకటి విడిచి ఒకటి. ధార ఈసారి తిన్నగా పడింది.

"తెఫో."

"ఊఁ."

"మీవాళ్ళు మా నాన్నతో మాట్లాడ్డానికి వచ్చినప్పుడు, పెళ్ళికి మీరిచ్చే పశువుల మాట వస్తుంది కదా."

"వస్తుంది."

"నాన్న ఈ ఎర్రావునే అడుగుతారు. టీ తాగిన ప్రతిసారీ ఆయన కన్ను దీని మీదే."

"తెలుసు."

"ఇవ్వకండి" అంది. "దీన్ని పితకడం నాకిప్పుడిప్పుడే వస్తోంది."

ఆవు వీపు మీదుగా చూశాను. ఆమె కూడా అప్పుడే లేచి చూసింది. టోపీ మీదనుంచి ఒక చినుకు జారి ముక్కు మీద ఆగింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు. చేతులు రెండూ పాలే.

రోడ్డు మీద హారన్ మోగింది. వ్యాను కిటికీలోంచి ద్రీస్ చెయ్యి ఊపుతున్నాడు. వాడి వెనకనుంచి న్తాతె మొహాపి గొంతు వినిపించింది.

"ఆలస్యం ఎలాగూ అయింది. ఆ ఎర్రావు పాలు దారికి ఒక సీసా పోసివ్వండమ్మా."

"చూశావా" అంది మమెల్లో.